రిపోర్టు ఒకటి చెబుతుంటే... ఒళ్లు మరొకటి చెబుతుంటే!

థైరాయిడ్ పరీక్ష ఇప్పుడు షుగరు పరీక్షంత మామూలైపోయింది. బందరు కోనేరు సెంటరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమలో అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్లినా పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి ఫోనుకు రిపోర్టు వచ్చేస్తోంది. జుట్టు ఊడుతోందని ఒకరు, లావెక్కుతున్నానని ఒకరు, ఏ బాధా లేకపోయినా ప్యాకేజీలో కలిసి వచ్చిందని ఇంకొకరు ఈ పరీక్ష చేయించుకుంటున్నారు. అంకె పక్కన 'హెచ్' అనో 'ఎల్' అనో నల్లటి అక్షరం కనపడగానే ఇంట్లో కంగారు మొదలు.

బందరు ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో నా బల్ల మీదకు వచ్చే థైరాయిడ్ రిపోర్టుల్లో ఎక్కువ భాగం తేలికైనవే. టీఎస్‌హెచ్ పెరిగి టీ4 తగ్గితే హైపోథైరాయిడిజం. టీఎస్‌హెచ్ అడుగంటి టీ4 పెరిగితే హైపర్. వీటి గురించి ఈ పేజీల్లో చాలాసార్లు చదివే ఉంటారు. ఇవాళ చెప్పబోయేది మిగతా వాటి గురించి. ఒక అంకెకు ఇంకో అంకె పొసగని రిపోర్టులు కొన్ని. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నా ఎదురుగా కూర్చున్న మనిషికి పొసగనివి ఇంకొన్ని. అలాంటి రిపోర్టు చూసి మందు మొదలుపెట్టడానికో, మోతాదు మార్చడానికో ముందు అడగాల్సిన ప్రశ్నలున్నాయి. వాటికి జవాబులు చాలాసార్లు ల్యాబులో దొరకవు. మీ ఇంటి అలమరలోనో, పాత ఆసుపత్రి చీటీల్లోనో దొరుకుతాయి.

లస్కరు కేక

మనది కాలువల ప్రాంతం కాబట్టి ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. గొంతు ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి నీళ్లు వదిలే హెడ్ రెగ్యులేటర్ లాంటిది. అది వదిలే నీరు టీ4, కొంచెం టీ3. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి శివారు గట్టు మీద నిలబడ్డ లస్కరు. నీటిమట్టం చూడటమే అతని పని. నీరు తగ్గితే 'వదలండీ' అని కేక వేస్తాడు. ఆ కేకే టీఎస్‌హెచ్. నీరు తగ్గినకొద్దీ కేక పెద్దదవుతుంది. కాలువ నిండి పొర్లుతుంటే నోరు మెదపడు.

ఈ లస్కరుకు చూపు చాలా నిశితం. రక్తంలో టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ రెండింతలు కాదు, సుమారు వంద రెట్లు పెరగగలదు. అందుకే థైరాయిడ్ సంగతి తేల్చడానికి మొదట చూసేది టీఎస్‌హెచ్‌నే. అయితే అంత నిశితంగా కదిలే అంకె చిన్న చిన్న కారణాలకు కూడా అటూ ఇటూ ఊగుతుంది. అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు అది ఎక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. పొద్దున ఏడింటికి ఇచ్చిన రక్తంలో 5.2 వచ్చిన మనిషికే మధ్యాహ్నం రెండింటికి 3.8 రావచ్చు. మనిషి మారలేదు, గడియారం మారింది, అంతే.

ఇంకో సంగతి. రిపోర్టులో 'నార్మల్' అని రాసే హద్దులు, సాధారణంగా 0.4 నుంచి 4 దాకా, ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది అంకెలు ఎక్కడ పడతాయో చూసి గీసిన గీతలు. అంటే ఏ జబ్బూ లేని ఇరవై మందికి పరీక్ష చేస్తే ఒకరి అంకె గీత బయటే పడుతుంది. కంప్యూటరు ఆ ఒక్కరి పక్కన కూడా నల్లటి అక్షరం వేస్తుంది. దానికి మనిషి కనపడడు కదా!

జుట్టు కోసం వేసుకున్న మాత్ర

గుడివాడ నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయికి పాతికేళ్లలోపే. సంబంధం కుదిరింది, నిశ్చితార్థం నెలలోపు. జుట్టు రాలుతోందని పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 రెండూ ఎక్కువ. రిపోర్టు చూస్తే గ్రేవ్స్ వ్యాధి అని పరీక్షలో రాయించుకోవచ్చు, అంత చక్కగా ఉంది. కార్బిమజోల్ మాత్రల చీటీ కూడా చేతిలో ఉంది, ఇంకా మొదలుపెట్టలేదు. తల్లి కళ్లలో నీళ్లు. మందు వేసుకుంటే పిల్లలు పుట్టరేమోనని ఎవరో చెప్పారట.

అమ్మాయిని చూస్తే నాడి నిమిషానికి 76. చేతులు చాపమంటే వణుకు లేదు. అరచేతులు చల్లగా, పొడిగా ఉన్నాయి. బరువు తగ్గలేదు. గొంతు వాపు లేదు. టీ4 అంత పొర్లిపోతున్న మనిషి ఇంత నింపాదిగా కూర్చోదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నావామ్మా?" అంటే "లేవండీ" అంది. "మందులు కాదు, జుట్టుకో, గోళ్లకో, అందానికో మాత్రలు?" అని మళ్లీ అడిగితే తల్లి సంచిలోంచి ఒక స్ట్రిప్పు తీసింది. బయోటిన్, 10 మిల్లీగ్రాములు. రెండు నెలలుగా రోజుకొకటి.

బయోటిన్ బి విటమిన్లలో ఒకటి. రోజుకు మనకు కావాల్సింది 30 నుంచి 40 మైక్రోగ్రాములు. ఆ ఒక్క మాత్రలో ఉన్నది 10,000 మైక్రోగ్రాములు. అంత వేసుకున్నా ఒంటికి పెద్దగా హాని లేదు, మూత్రంలో పోతుంది. చిక్కంతా ల్యాబు యంత్రంతోనే. యంత్రం హార్మోన్‌ను నేరుగా లెక్కపెట్టలేదు. దాన్ని పట్టుకునే యాంటీబాడీలను వదిలి, ఎన్ని చిక్కాయో కొలుస్తుంది. చాలా కంపెనీల కిట్లలో వాటిని ఒకచోట అతికించే జిగురు బయోటిన్‌తోనే తయారవుతుంది. రక్తంలో ముందే బయోటిన్ నిండి ఉంటే, పండక్కి బస్సు కిటికీలోంచి తువ్వాళ్లు వేసినట్టు, ఆ జిగురు మీద సీట్లన్నీ అదే ఆక్రమించేస్తుంది. టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతిలో తక్కువ అతుక్కుంటే తక్కువ అంకె వస్తుంది. ఫ్రీ టీ4 కొలిచే పద్ధతి దానికి తలకిందులు; తక్కువ అతుక్కుంటే ఎక్కువ అంకె వస్తుంది. అలా ఒకే మాత్ర ఒక అంకెను కిందికీ, మరో దాన్ని పైకీ నెట్టి అచ్చం హైపర్‌థైరాయిడ్‌లా చూపిస్తుంది. కొన్ని కిట్లలో గ్రేవ్స్ వ్యాధిని నిర్ధారించే యాంటీబాడీ పరీక్ష కూడా దీనివల్లే తప్పుగా పాజిటివ్ రావచ్చు. అప్పుడిక ఎంతటివాళ్లకైనా అనుమానం రాదు.

ఇది ఎక్కడో ఒకటీ అరా జరిగే వింత కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరులో దీని గురించి హెచ్చరిక జారీ చేసి, 2019లో మళ్లీ గుర్తుచేసింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా బయోటిన్ వల్ల తప్పుగా తక్కువ చూపించిన సందర్భంలో ఒకరు చనిపోయిన సంగతీ ఆ హెచ్చరికలో ఉంది. అన్ని యంత్రాలకూ ఈ ఇబ్బంది ఉండదు. మీ ల్యాబులో ఏ యంత్రముందో మీకు తెలిసే వీలు లేదు కాబట్టి, రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి. మోతాదు పెద్దదైతే ఇంకొన్ని రోజులు ఆపడం మంచిది. మల్టీవిటమిన్ డబ్బాల వెనక సన్న అక్షరాల్లో కూడా ఇది ఉంటుంది, చదవండి.

ఆ అమ్మాయిని వారం రోజులు మాత్ర మానమని మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 2.3. అంతా నార్మల్. కార్బిమజోల్ చీటీ అవసరం లేకుండా పోయింది. కార్బిమజోల్ మంచి మందే, కావలసినవాళ్లకు. కానీ అరుదుగా అది తెల్ల రక్తకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. ఎవరైనా ఆ మందు వాడుతూ ఉండగా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తకణాల లెక్క చేయించుకోవాలి. జబ్బే లేనివాళ్లు ఆ ముప్పు ఎందుకు మోయాలి?

పరీక్షకు ముందు నాలుగు రోజులు

ఇంకో రకం రిపోర్టు. టీఎస్‌హెచ్ 38, కానీ ఫ్రీ టీ4 బాగానే ఉంది, పైహద్దు దగ్గరగా ఉంది. కాలువ నిండుగా ఉంటే లస్కరు ఎందుకు కేకలేస్తున్నాడు? ఇలాంటి రిపోర్టుల వెనక పిట్యూటరీలో గడ్డ లాంటి అరుదైన జబ్బులు ఉండొచ్చు. కానీ నేను మొదట అడిగేది ఒకటే: "మాత్ర రోజూ పడుతోందా అమ్మా?"

పడటం లేదు. పెళ్లిళ్లు, ప్రయాణాలు, కార్తీక మాసం ఉపవాసాలు, పిల్లల స్కూలు హడావిడి. నెలలో సగం రోజులు మర్చిపోయి, పరీక్ష దగ్గర పడుతోందని గుర్తొచ్చి చివరి నాలుగైదు రోజులు క్రమం తప్పకుండా వేసుకుంటారు. డాక్టరు కోప్పడతాడని! టీ4 ఆ నాలుగు రోజుల్లోనే పైకొస్తుంది. టీఎస్‌హెచ్ మాత్రం గడచిన నెలల కథ చెబుతుంది. అది స్థిమితపడటానికి ఆరు వారాలు పడుతుంది. ఈ సంగతి తెలియక 100 మైక్రోగ్రాముల మోతాదును 125కీ, ఆపైన 150కీ పెంచుకుంటూ పోతే, ఏదో ఒక నెల నిజంగానే అన్నీ వేసుకున్నప్పుడు గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. డాక్టర్లుగా మేం గద్దించి అడిగితే నిజం రాదు; "వారంలో ఎన్ని మర్చిపోతారు?" అని మామూలుగా అడిగితే వస్తుంది. మర్చిపోయిన మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. ఉపవాసం రోజున గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకుంటే వ్రతం చెడుతుందని నేనైతే అనుకోను.

రోజూ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదంటే మాత్రతోపాటు ఏం వెళుతోందో చూడాలి. మన ఇళ్లలో ముద్దాయి చాలాసార్లు కాఫీ. లేవగానే మాత్ర, వెంటనే చిక్కటి కాఫీ. మాత్రలోని మందు పేగుల్లోకి సరిగా ఇంకదు. మంచినీళ్లతో మాత్ర వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగండి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులకు మూడూ కలిపి రాస్తారు, మూడూ కలిపి మింగేస్తుంటారు. రోజూ వాడే గ్యాస్ మాత్రలు కూడా అడ్డమే. మాత్రల సీసాను వంటింట్లో పొయ్యి పక్కన పెట్టకండి. వేడికీ చెమ్మకీ మందు బలం తగ్గుతుంది. మన సముద్రపు గాలికి ఏదైనా చెమ్మ పట్టేస్తుంది మరి.

వేవిళ్ల నెలల్లో

తొమ్మిదో వారం గర్భిణి. వాంతులతో నీరసించిపోయింది. టీఎస్‌హెచ్ 0.05 వచ్చింది. 'హైపర్ థైరాయిడ్' అనేశారు. గర్భం నిలిచిన తొలి నెలల్లో మావి నుంచి వచ్చే హెచ్‌సీజీ హార్మోన్ ఆకారంలో టీఎస్‌హెచ్‌కు దగ్గరి చుట్టం. అది కూడా థైరాయిడ్‌ను కొంత పనిచేయిస్తుంది కాబట్టి లస్కరుకు కేకేసే పని తగ్గుతుంది. వాంతులు బాగా ఎక్కువున్న వాళ్లలో, కవలలున్న వాళ్లలో ఇది మరీ స్పష్టంగా కనపడుతుంది. ముత్యాల గర్భం కాదని తేల్చుకోవడానికి స్కానింగ్ చేయాలి. కళ్లు ఉబ్బడం, గొంతు వాపు, యాంటీబాడీలు లేకపోతే చాలామందికి మందు అక్కర్లేదు, నాలుగైదు నెలలు నిండేసరికి అదే సర్దుకుంటుంది. ఆ వారాల్లో కార్బిమజోల్ అనవసరంగా పడితే బిడ్డ అవయవాలకు లోపాలు వచ్చే ప్రమాదం ఉంది.

ఇక్కడే ఇంకో తికమక. మన ల్యాబుల్లో 'థైరాయిడ్ ప్రొఫైల్' పేరుతో చౌకగా చేసేది ఎక్కువగా టోటల్ టీ3, టోటల్ టీ4. గర్భంలో హార్మోన్‌ను మోసే ప్రోటీన్ పెరుగుతుంది కాబట్టి టోటల్ టీ4 మామూలు కంటే ఒకటిన్నర రెట్లు ఉండటం సహజం. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలోనూ పెరుగుతుంది. టోటల్ ఎక్కువగా ఉండి టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే బెంబేలు పడకండి, ఫ్రీ టీ4 చేయించమని అడగండి.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే ప్రమాదం. ముందు నుంచీ థైరాక్సిన్ వాడుతున్న స్త్రీ గర్భం దాల్చగానే 'వేడి చేస్తుంది' అనే భయంతో మాత్ర మానకూడదు. నిజానికి అప్పుడే ఆమెకు పాతిక నుంచి ముప్పై శాతం ఎక్కువ మందు కావాలి. గర్భం ఖాయమైన వారంలోనే డాక్టరును కలవండి, అందాకా పాత మోతాదు తప్పకండి.

జ్వరం తగ్గిన వారంలో

డెంగీ, టైఫాయిడ్, న్యుమోనియా ఏదైనా సరే, మనిషి మంచం పట్టినప్పుడు ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. మొదట టీ3 పడిపోతుంది, జబ్బు తీవ్రమైతే టీ4, టీఎస్‌హెచ్ కూడా తగ్గుతాయి. కోలుకుంటున్నప్పుడు టీఎస్‌హెచ్ ఎదురు తిరిగి పెరుగుతుంది. కొందరిలో 20 వరకూ వెళ్తుంది. డిశ్చార్జి అయ్యేటప్పుడు 'ఎలాగూ రక్తం తీస్తున్నారు కదా, థైరాయిడ్ కూడా చూసేయండి' అనేవాళ్లు చాలామంది. ఆ అంకెకు విలువ లేదు. ఆరు వారాలు ఆగి చేయించుకుంటే డబ్బూ మిగులుతుంది, మనశ్శాంతీ మిగులుతుంది. గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అమియోడరోన్, మానసిక వైద్యులు రాసే లిథియం, స్టెరాయిడ్లు కూడా ఈ అంకెలను కదిలిస్తాయి. మోకాళ్ల నొప్పులకని పేరు లేని పొట్లాల్లో దొరికే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. అవి వాడుతుంటే దాచకండి.

పెద్దవాళ్ల 6.2

మన దేశంలో హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో 5,376 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం కనపడింది. అది కాక మరో 8 శాతం మందిలో సబ్‌క్లినికల్, అంటే టీ4 బాగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రమే కాస్త పెరిగిన స్థితి ఉంది. డెబ్బై దాటిన తండ్రికి టీఎస్‌హెచ్ 6.2 అని తెలియగానే 'అందుకే నీరసం' అని మాత్ర కోసం వస్తారు కొడుకులు. వయసుతోపాటు టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. ఐరోపాలో 65 దాటిన 737 మందిపై జరిపిన ట్రస్ట్ అనే పరిశోధన 2017లో వెలువడింది. ఇలాంటి పెద్దలకు థైరాక్సిన్ ఇచ్చినా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా నీరసంలో తేడా కనపడలేదు. మోతాదు మించితే మాత్రం వాళ్లకు గుండె లయ తప్పడం, ఎముకలు బోలుగా మారడం ఉన్నాయి. టీఎస్‌హెచ్ 10 దాటితే మాట వేరు. వయసులో ఉండి గర్భం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీ సంగతీ వేరే. మిగతావాళ్లకు రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే చాలామంది అంకె దానంతటదే దిగి ఉంటుంది. నీరసానికి కారణం చూస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

లస్కరే పడిపోతే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అంకె చెడ్డగా ఉండి మనిషి బాగున్న సందర్భాలు. నాకు ఎక్కువ భయం వేసేది దీనికి తిరగబడ్డ రిపోర్టుతో. టీఎస్‌హెచ్ నార్మల్, మనిషి మాత్రం కుంగిపోతున్నాడు.

దివిసీమ నుంచి ఒక రైతును భార్య తీసుకొచ్చింది. యాభై లోపే. "మనిషి సగమైపోయాడండీ డాక్టరు గారూ. రోహిణీ కార్తెలో కూడా దుప్పటి తీయడు. గడ్డం గీసుకునే పని కూడా తప్పింది" అంది. అప్పటికి రెండుసార్లు థైరాయిడ్ పరీక్ష అయింది, రెండుసార్లూ టీఎస్‌హెచ్ ఒక్కటే చూశారు. 2.1 వచ్చింది. థైరాయిడ్ లేదని తేల్చేశారు. బీపీ చూస్తే 90/60, సోడియం తక్కువ. పాత చీటీలు తిరగేస్తే అందులో ఉంది కారణం. రెండేళ్ల కింద వరికోతల్లో రక్తపింజర కాటు వేసింది, కిడ్నీలు దెబ్బతిని కొన్నాళ్లు డయాలసిస్ మీద ఉండి బతికాడు.

పాముకాటు మన దివిసీమకు కొత్త కాదు. 2018 ఆగస్టులో కాట్లు ఎంత పెరిగాయంటే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో సర్పయాగం జరిపించారు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాటు పడ్డ రోజున అందరి దృష్టీ ప్రాణం మీదే. అది సరే. కానీ రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే తీరును చెరిపేస్తుంది, కొందరిలో పిట్యూటరీ గ్రంథిలోకి రక్తస్రావమై, లేదా రక్తప్రసారం ఆగిపోయి ఆ గ్రంథి ఎండిపోతుంది. బర్మా వైద్యులు 1980ల్లోనే దీన్ని వివరంగా రాశారు, దక్షిణ భారతంలోనూ, శ్రీలంకలోనూ కనపడింది. లక్షణాలు కాటు పడిన రోజుల్లోనే రావచ్చు, నెలలో ఏళ్లో గడిచాక రావచ్చు. లస్కరే పడిపోయాడు. కాలువ ఎండిపోతోంది, కేకేసే మనిషి లేడు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉందంటే నీళ్లున్నాయని అర్థం కాదిక్కడ. ఆ రైతు ఫ్రీ టీ4 చూస్తే చాలా తక్కువ. పొద్దున ఎనిమిదింటికి తీసిన కార్టిసాల్ కూడా అడుగునే ఉంది.

ఆడవాళ్లలో ఇదే స్థితి ఇంకో దారిలో వస్తుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోయినప్పుడు, గర్భంతో ఉబ్బి ఉన్న పిట్యూటరీ రక్తం అందక చచ్చుబడుతుంది. 1937లో షీహాన్ అనే బ్రిటిష్ వైద్యుడు వివరించాడు కాబట్టి షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఏళ్ల తరబడి నీరసం, చలి, రక్తహీనత అని తిరిగే నడివయసు స్త్రీని నేను అడిగే ప్రశ్న: "ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయిందా? బిడ్డకు పాలు పడ్డాయా? తర్వాత నెలసరి వచ్చిందా?" పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు అంటే టీఎస్‌హెచ్ ఎంతున్నా నేను నమ్మను.

ఇందులో ప్రాణం మీదకు తెచ్చే మలుపు ఒకటుంది. టీ4 తక్కువుంది కదా అని నేరుగా థైరాక్సిన్ మొదలుపెట్టకూడదు. పిట్యూటరీ పడిపోతే కార్టిసాల్ కూడా పడిపోతుంది. థైరాక్సిన్ వెళ్లగానే ఒళ్లు వేగం పుంజుకుని ఉన్న కాస్త కార్టిసాల్‌నూ ఖర్చు చేసేస్తుంది. మనిషి వాంతులతో, బీపీ పడిపోయి, స్పృహ తప్పే స్థితికి వెళ్లగలడు. ముందు స్టెరాయిడ్, ఆ తర్వాతే థైరాక్సిన్. ఆ రైతుకు హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టిన మూడో రోజుకే లేచి వార్డు వరండాలో తిరిగాడు. థైరాక్సిన్ తర్వాత కొద్దికొద్దిగా పెంచాం. ఇలాంటివాళ్లకు ఇక మీదట మోతాదు సరిచూడాలంటే ఫ్రీ టీ4 చూడాలి. 'టీఎస్‌హెచ్ మరీ తగ్గింది, మాత్ర తగ్గించండి' అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ కథంతా చెప్పాలి. అందుకే ఆ చీటీ పైన ఎర్ర సిరాతో రాసి ఇచ్చాను. స్టెరాయిడ్ మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకూడదని, జ్వరం వస్తే మోతాదు పెంచాలని భార్యకు రెండుసార్లు చెప్పించి మరీ పంపాను.

పాముకాటు తర్వాత బతికి బయటపడ్డవాళ్లెవరైనా మీ ఇంట్లో ఉండి, తర్వాత్తర్వాత మనిషి మందగించి, చలికి తట్టుకోలేక, గడ్డం మీసం తగ్గి, ఆకలి పోయి ఉంటే ఈ సంగతి డాక్టరుకు మీరే గుర్తుచేయండి. ఆ రెండింటికీ లంకె ఉందని రోగికి తట్టదు, చెప్పడు.

మళ్లీ రక్తం ఇచ్చేటప్పుడు

పొసగని రిపోర్టు వస్తే మొదటి మందు మళ్లీ పరీక్షే. వీలైతే అదే ల్యాబులో, అదే వేళకు ఇవ్వండి. బందరు రిపోర్టునూ విజయవాడ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి 'పెరిగింది, తగ్గింది' అనుకోవడం సరికాదు, యంత్రాలు వేరు. పరగడుపున ఉండనక్కర్లేదు. థైరాక్సిన్ వాడేవాళ్లు ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి, లేకపోతే ఫ్రీ టీ4 కొన్ని గంటలపాటు ఎక్కువ చూపిస్తుంది. మోతాదు మార్చాక ఆరు వారాల లోపు పరీక్ష దండగ. టీ4 రక్తంలో సగమవడానికే వారం పడుతుంది.

డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు ఫోనులో ఒక్క రిపోర్టు చూపించడం కాకుండా పాతవన్నీ తెండి. మాత్రల పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఇంట్లో ఉన్న స్ట్రిప్పులూ డబ్బాలూ అన్నీ ఒక సంచిలో వేసుకురండి, అమెజాన్‌లో కొన్నవి, బ్యూటీ పార్లరులో ఇచ్చినవి, పొరుగావిడ వాడి బాగుందన్నవి సహా. ఏ బాధా లేకుండా టీఎస్‌హెచ్ మాత్రం 80, 100 అని వచ్చి, ఫ్రీ టీ4 నిండుగా ఉంటే ల్యాబు వాళ్లను వేరే పద్ధతి యంత్రంపై సరిచూడమని అడగవచ్చు. కొందరి రక్తంలో టీఎస్‌హెచ్ యాంటీబాడీతో కలిసి పెద్ద ముద్దలా తిరుగుతుంటుంది. అది పనిచేయదు, కానీ యంత్రం దాన్నీ లెక్కేస్తుంది.

ఆగమని ఇన్నిసార్లు చెప్పాను కాబట్టి ఆగకూడనివి కూడా చెప్పాలి. గర్భిణికి టీఎస్‌హెచ్ 10 దాటితే వారం కాదు, మర్నాడే వైద్యం మొదలవ్వాలి. టీ4 తక్కువుండి వాంతులు, కళ్లు తిరగడం, మత్తు ఉంటే ఆసుపత్రిలో చేరాలి. విపరీతమైన దడతో జ్వరం, తికమక మాటలు ఉంటే రిపోర్టు కోసం ఎదురుచూడకూడదు. ఇక పసిబిడ్డలు. పుట్టిన తొలి రెండు రోజుల్లో ప్రతి బిడ్డకూ టీఎస్‌హెచ్ ఉవ్వెత్తున లేస్తుంది. అందుకే మడమ నుంచి తీసే రక్తపు చుక్కను 48 నుంచి 72 గంటలు నిండాక తీస్తే మేలు. ఇంటికి వెళ్లాక 'టీఎస్‌హెచ్ ఎక్కువుంది, మళ్లీ రక్తం ఇవ్వాలి' అని ఆసుపత్రి నుంచి కబురొస్తే పురుడు కడిగే రోజు దాకా అని వాయిదా వేయకండి. నిజంగా థైరాయిడ్ లేని బిడ్డకు రెండు వారాల లోపు మందు మొదలైతే మెదడు మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయిన తెలివిని తర్వాత ఎన్ని మాత్రలు వేసినా తేలేం.